పాంటొమైము: ప్రేక్షకుఁడును బాత్రయైన రూపకము

ఇంగ్లండుదేశమునఁ గ్రిస్మసు దినములలో నాడఁబడు పాంటొమైమునకుఁ బేరొకటి, తీరొకటి. ఆ పదము గ్రీకు భాషనుండి వచ్చినది. సర్వమును అనుకరించువాఁడని దాని మొదటి యర్థము. లోకవ్యవహారమున నది మూకాభినయమునకు రూఢమైనది. అయినను నేఁడు ఆ పేరుతో నాడఁబడు ప్రదర్శనమునందు నోరు మెదపనివాఁ డొక్కఁడును గానరాఁడు. రంగముమీఁదివారు అఱతురు, పాడుదురు, పరిహాసములాడుదురు. క్రిందఁ గూర్చున్నవారు వారికంటె బిగ్గరగా నఱతురు. ఈ పేరెట్లు నిలిచెనో చెప్పుటకుఁ గొంత చరిత్ర యవసరము. కాని చరిత్రకంటె ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి కలదు. ఆంగ్ల విమర్శకులలోఁ గొందఱు దీనిని నాటకములలోఁ జేర్పరు. కథకు నియమము లేదు, పాత్రకుఁ బోషణము లేదు, కాలమునకుఁ బొందిక లేదు, చీనాదేశపు చాకలిది నిన్నటి వార్తాపత్రికలోని సంగతి చెప్పును అని వారి యాక్షేపణము. ఆక్షేపించినదంతయు నిజమే. అయినను ఆ దేశమున ననేకులు బాల్యమునఁ జూచిన మొదటి నాటకమిదియే. కొందఱు ఏఁటేఁటఁ జూచునది యిదియొక్కటియే. అవ్వయు, తల్లియు, మనుమఁడును ఒక్క వరుసఁ గూర్చుండి యొక్కచోట నవ్వునట్టి నాటకమునకు లక్షణమే లేదనుట నాటకము లోపమగునో, లక్షణకారుని లోపమగునో విచారింపఁదగియున్నది.

పదునెనిమిదవ శతాబ్ది యారంభమున ఇటలీదేశపు ముసుఁగు నాటకములలోని పాత్రలు లండను రంగములకు వచ్చినవి. హార్లెక్విన్ చతురుఁడగు సేవకుఁడు. కొలంబైన్ వాని ప్రియురాలు. పాంటలూన్ ఆమెను గాచుచుండు ముసలివాఁడు. 1717 లో జాన్ వీవర్ డ్రూరీ లేన్ నాటకశాలయందు మార్స్, వీనసుల ప్రణయకథను మాటలు లేక నృత్యాభినయములతోఁ బ్రదర్శించెను. లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలాధిపతి జాన్ రిచ్ లన్ అను మాఱుపేరుతో హార్లెక్విన్ వేషము ధరించి, నోట మాట లేకయే జనమును మురిపించెను. పేరు ఆనాఁటిది. హార్లెక్విన్ చేతిలో రెండు పలకలు కలిపికట్టిన బద్ద యొకటి యుండెడిది. దేనినైనఁ దాఁకినంతనే ఫట్టున మ్రోఁగెడిది. ఆ మ్రోఁత గుఱుతుగాఁ దెరవెనుకవారు దృశ్యమును మార్చువారు. గుడిసె మేడ యయ్యెడిది. ఆంగ్లమున మోటు హాస్యమునకు స్లాప్‌స్టిక్ అను పేరు ఆ బద్దనుండి పుట్టినదే.

1806 డిసెంబరు 29 వ తేదీని కోవెంట్ గార్డెన్ నాటకశాలలోఁ బ్రదర్శింపఁబడిన మదర్ గూస్ కథతో హార్లెక్విన్ ప్రాభవము తగ్గి, విదూషకుఁడగు క్లౌన్ ప్రధానుఁడయ్యెను. ఆ వేషధారి జోసెఫ్ గ్రిమాల్డీ. 1837 లో నతఁడు మరణించిన మఱుసటి యేఁడు అతని స్వీయచరిత్రమును చార్లెస్ డికెన్సు సంస్కరించి ప్రకటించెను. అంతవఱకు మాటల నాటకమాడు నధికారము రాజశాసనము పొందిన కొన్ని నాటకశాలలకే కలదు. 1843 నాఁటి చట్టము ఆ గుత్తను దొలఁగించెను. అంతట మాట కట్టతెగిన యేఱువలెఁ బాంటొమైములోనికి వచ్చిపడెను. శ్లేషలు, యమకములు, అంత్యప్రాసలు, వీథిపాటలకుఁ బేరడులు నిండినవి. హార్లెక్విన్ భాగము క్రమముగాఁ గుంచించుకొనిపోయి, శిశుకథలు పెరిగినవి. 1861 లో హెచ్. జె. బైరన్ తన అల్లావుద్దీను ప్రహసనములో నాయకుని తల్లికి ట్వాంకీ యని పేరు పెట్టెను. అది నాఁడు చీనానుండి దిగుమతియగుచుండిన యొక తేయాకు పేరు. సిండ్రెల్లా కథ ఫ్రెంచి రచయిత పెరో 1697 లోఁ బ్రకటించినది. అందు రాజకుమారుని సేవకుఁడగు డాండినీ మాత్రము 1817 నాఁటి రొస్సీనీ సంగీతనాటకమునుండి వలస వచ్చినవాఁడు. ఒక దేశపు కథ, వేఱొక దేశపు పాత్ర, తేయాకంగడిలోని పేరు ఇట్లు చేరినవి.

ఇట్టి యతుకుల బొంతకు లక్షణము వెదకుట వ్యర్థమని తోఁపవచ్చును. కాని యొక్క ప్రదర్శనమును శ్రద్ధగాఁ జూచినవానికి దానిలోఁ గఠినమగు మర్యాద గోచరింపకపోదు. మేలుచేయు దేవకన్య నటునకుఁ గుడివైపునుండి ప్రవేశింపవలెను. దుష్టుఁడు ఎడమవైపునుండి రావలెను. మధ్యయుగమందలి మతనాటకములలో స్వర్గము కుడివంకను, నరకము ఎడమవంకను ఉండెడిదనియు, ఆ యాచారమే యిట్లు మిగిలినదనియుఁ బరంపరగాఁ జెప్పుదురు. ఆ యిరువురును అంత్యప్రాసలుగల ద్విపాదులలో మాటలాడుదురు. మిగిలిన పాత్రలకు వచనము. సంస్కృతనాటకములలో నాయకునకు సంస్కృతమును, స్త్రీలకును నీచపాత్రలకును బ్రాకృతములును విధింపఁబడినట్లే యిందును భాషావిభాగము కలదన్నమాట. ఐదేండ్ల బాలుఁడు ఆ విభాగమునకుఁ బేరు పెట్టలేఁడు. కాని ప్రాసలో మాటలాడువాఁడు మనుష్యలోకమువాఁడు కాఁడని వానికిఁ దెలియును. ఎడమనుండి వచ్చినవాఁడు నోరు తెఱవకమునుపే వానినిఁ జూచి యీలలు వేయును.

నాయకుని వేషము పడుచునకును, ముసలమ్మ వేషము మగవానికిని జెందుట యింకొక మర్యాద. నాయకవేషము వేయు యువతి పొడవు జోళ్లు తొడిగి, తొడ చఱచుకొనుచు నడచును. 1950 తరువాత సినిమా, గానరంగములయందుఁ బేరుపొందిన పురుషులు ఆ వేషమును జాలవఱకు లాగుకొనిరి. ముసలమ్మ వేషమును మాత్రము పురుషులు నేఁటికిని విడువలేదు. దానిని డేమ్ అందురు. అల్లావుద్దీను తల్లి, జాక్ తల్లి, డిక్ విట్టింగ్టన్ కథలోని వంటలక్క, నిద్రించిన రాజకుమారి దాది, ఇట్లు పేరు మాఱుచుండునుగాని యా వ్యక్తి యొక్కతియే.

ఆంధ్రపాఠకులకు స్త్రీవేషము క్రొత్తది కాదు. స్థానం నరసింహారావుగారి సత్యభామయు, కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామయుఁ బ్రసిద్ధులు. వారి విద్యకుఁ బరమావధి పురుషుఁడు కానరాకుండుట. డేమ్ విద్యకుఁ బరమావధి పురుషుఁడు క్షణమైన మఱుగుపడకుండుట. గొంతు బొంగురుగానే యుండవలెను. నడక బండివానిదే కావలెను. అంకమున కొక క్రొత్తదుస్తు, ప్రతిదుస్తును వెనుకటిదానికంటె నసంబద్ధముగా నుండవలెను. నిజముగా స్త్రీయని భ్రమపడిన క్షణముననే యా పాత్ర చెడును. ఏలయన డేమ్ అనఁగాఁ దల్లి; గద్దించు తల్లి, తిండిపెట్టు తల్లి, అప్పులవాఁడు వచ్చినప్పుడు తలుపుచాటున దాఁగు తల్లి. ఆమెను జూచి పిల్లలు నవ్వవలెను, కాని నిజమైన తల్లికి గౌరవభంగము కాఁగూడదు. లంగా క్రిందఁ గన్పట్టు మగవాని పిక్కలు ఆ రక్షణము కల్పించుచున్నవి. సరసన గూర్చున్న తల్లియే యందఱికంటె ముందు నవ్వుటకు హేతు విదియే.

ఈ వేషము హాస్యమాత్రమునకుఁ బరిమితము కాదనుటకు 1902 నాఁటి డ్రూరీ లేన్ మదర్ గూస్ సాక్షి. డాన్ లెనో యను నటునికై రచింపఁబడిన యా కథలో డేమ్ కథానాయికయే. పేదరాలగు ముసలిది, బంగారు గ్రుడ్లు పెట్టు బాతు దొరకును, ధనము వచ్చును, ధనముతోఁ దృప్తి పొందక సౌందర్యము కోరును, దానికై తన్ను నమ్మిన బాతును వదలుకొనును. ఇందు లోభము శిక్షింపఁబడుటయే కాదు, వార్ధక్యముననున్న దుఃఖము సూచింపఁబడుచున్నది. 2008 లోఁ దూర్పు లండనులోని హాక్నీ ఎంపైర్ నాటకశాలలో క్లైవ్ రో యీ పాత్రమును ధరించి, గంభీర నాటకనటులకుఁ జెల్లు ఒలీవియర్ బహుమానమునకుఁ బరిశీలింపఁబడెను. షేక్‌స్పియర్ నాటకములలోఁ బేరెన్నికగన్న ఇయాన్ మెకెల్లన్ 2022 లో నిదే వేషము గట్టి యూరూరఁ దిరిగెను. పాంటొమైము పాత్రకుఁ బోషణము లేదనువారు ఈ యొక్క కథనైనను మినహాయింపవలసియుండును.

ఇఁక నాక్షేపకులకును సమర్థకులకును నిజమైన పరీక్షాస్థలము వేఱొకటి కలదు. కథ యేదైనను దాదాపు ప్రతి పాంటొమైములో నొక బల్ల దృశ్యము వచ్చును. చీఁకటి యడవిలో డేమ్ తన వారితో నొక బల్లమీఁదఁ గూర్చుండును. దయ్యములు వచ్చునేమో, వచ్చినచోఁ జెప్పుఁడని పిల్లలను వేఁడుకొని, భయము పోవుటకై వారందఱును బాట మొదలుపెట్టుదురు. దయ్యము వెనుకనుండి వచ్చును. శాలయంతయు వెనుకనున్నదని యఱచును. బల్లమీఁదివారు కుడికిఁ జూతురు. దయ్యము ఎడమకుఁ దొలఁగును. ఎడమకుఁ జూతురు, అది కుడికి వచ్చును. లేదందురు, ఉన్నదని సభ యఱచును, లేదని మరలఁ జెప్పుదురు. ఒక్కొక్కరినే దయ్యము తఱిమివేయఁగాఁ దుదకు డేమ్ ఒంటరిగా మిగులును. దయ్యము ఆమె ముఖముఁ జూచి, తానే భయపడి పరుగెత్తును.

ఇందు రచన యేమున్నదని యడుగవచ్చును. పాత్రకుఁ దెలియనిది ప్రేక్షకునకుఁ దెలియుట నాటకకళకుఁ బునాదులలో నొకటి. సొఫొక్లీసు ఈడిపస్ నాటకమున హంతకుఁ డెవఁడో సభకుఁ దెలియును, రాజునకుఁ దెలియదు. సభ నోరు మూసికొని యా బాధ ననుభవించును. బల్ల దృశ్యమునందు నున్నది యదే యంతరము. భేద మొక్కటియే: ఇచట సభకు నోరు విప్పు ననుజ్ఞ యీఁబడినది. విప్పినను ఫలము లేదు. ఎంత యఱచినను సరియైన దిక్కునకు వారు చూడరు. పెద్దవారి మూఢత్వమును జిన్నవారు కనుఁగొని, చెప్పియు నమ్మింపలేకపోవుటయే యిందలి వస్తువు. పసివాని నిత్యజీవితమున నింతకంటెఁ బరిచితమగు ననుభవము లేదు. అది హాస్యముగా మాఱుటకు, భయానకము క్షణములో విఱిగిపోవుటకు, డేమ్ ముఖమొక్కటి చాలును.

భరతుఁడు నాట్యశాస్త్రమునందు సిద్ధులను జెప్పుచు మానుషి, దైవి యని రెండుగా విభజించెను. చిఱునవ్వు, పెద్దనవ్వు, సాధువాదము, కేకలు, ఆసనములనుండి లేచుట మున్నగునవి మానుషీసిద్ధికి గుఱుతులు. సభ నిండియుండియు శబ్దమును గలఁతయు లేక యుండుట దైవీసిద్ధి. పండితులు రెండవదానినే మిక్కిలిగా గౌరవింతురు. కాని భరతుఁడు మొదటిదానిని దోషములలోఁ జేర్పలేదు, సిద్ధులలోనే చేర్చెను. సాధారణ నాటకమున సిద్ధి యనునది ప్రయోగమునకు ఫలము, ప్రయోగము ముగిసిన చోటఁ బుట్టునది. పాంటొమైమునందో, ఆ కేక లేనిదే తరువాతి మాట లేదు. సభ యఱచువఱకు నటుఁడు వేచియుండవలెను. కాఁబట్టి మానుషీసిద్ధి యిందు ఫలముగాక ప్రయోగాంగమైనది. ఈ రూపకమునకు లక్షణము చెప్పవలసివచ్చినచో నిచటనే చెప్పవలెను. కథలోను, పాత్రలోను వెదకినవారికి నది దొరకకపోవుట వింత కాదు.

ఈ కేకలను బిల్లలకు నేర్పువారెవరు? గ్రంథము లేదు, గురువు లేఁడు. మొదటిసారి వచ్చిన శిశువు ప్రక్కనున్న యవ్వ ముఖముఁ జూచును. ఆమె ఎనుబదియేండ్ల మర్యాదను గట్టిపెట్టి దుష్టునిమీఁద నీల వేయును. అది చూచి శిశువు తానును వేయును. రెండవ యేఁటికి వాఁడే ముందు. అలంకారికులు సహృదయునకుఁ బూర్వవాసన యుండవలెనని చెప్పిరి. ఇంగ్లండు కుటుంబములు ఆ వాసనను డిసెంబరు నెలలో, మిఠాయిపొట్లము విప్పుచు సంక్రమింపఁజేయుచున్నవి. కథయొక్క యంత మందఱకుఁ దెలిసినదే; సిండ్రెల్లా జోడు ఆమెకే సరిపోవును. తెలిసియుండుట రసమునకు విఘాతము కాదని రామకథను వేయిసార్లు విన్న దేశమునకు వేఱుగాఁ జెప్పఁబనిలేదు.

పెద్దలకును బిల్లలకును నొక్కమాట రెండర్థముల నిచ్చుట యీ నాటకములోఁ దఱచు. ఒక వాక్యమున కొక యర్థము ముందువరుసలో నవ్వు పుట్టించును. రెండవది తల్లిదండ్రుల కనుసన్నలలో మెఱసి మాయమగును. ఉభయులును నవ్విరి, ఎవరికి నెవరి నవ్వు హేతువు తెలియలేదు. ఇది శ్లేషకుఁ జక్కని వినియోగము. కాని రెండవ యర్థ మొక్కటియే బలిసి, పిల్లలు తెల్లమొగములు వేసికొని చూచునట్టి ప్రదర్శనములును గలవు. అచట సభ రెండుగాఁ జీలినది; కుటుంబము నవ్వలేదు, పెద్దలు మాత్రము నవ్విరి. అది శృంగారదోషముకంటెఁ బ్రయోగదోషము. అల్లావుద్దీను కథలోఁ జీనావారి పేళ్లను, యాసను హేళనచేయు పాతపద్ధతియు నిట్టిదే. సభలో నొక కుటుంబము తలవంచుకొని కూర్చుండవలసివచ్చిన నవ్వు ఈ రూపకమునకు స్వభావవిరుద్ధము. ఇటీవలి దశాబ్దములలోఁ గొన్ని నాటకశాలలు ఆ హేళనను దొలఁగించి కథాస్థలమునే మార్చినవి. నాటకమునకు నష్టమేమియు రాలేదు.

ఇట్లు సభయే ప్రయోగాంగమైనప్పుడు, సభ యెవరిదను ప్రశ్న ప్రాణాధారమగును. స్థానిక నాటకశాల మహత్త్వము ఇక్కడనే తెలియుచున్నది. యార్క్ పట్టణమున 1744 నుండి నాటకశాల కలదు. అచటి థియేటర్ రాయలునందు బెర్విక్ కేలర్ 1977 లో డేమ్ వేషము మొదలుపెట్టి, నలుబదియేండ్లకుఁ బైఁగా దానిని బోషించి, 2019 ఆరంభమున నాటికి విరమించెను. కథను దానే వ్రాసికొనువాఁడు. వ్రాసినదానిని దానే విడిచి సభతో ముచ్చటలాడువాఁడు. వ్యాగన్ వీల్సు బిస్కత్తులను జనముమీఁదికి విసరువాఁడు. దుష్టపాత్రమునకు డేవిడ్ లెనార్డు, మందబుద్ధికి మార్టిన్ బారస్, యువతిగా సూజీ కూపర్ ఏఁటేఁట నుండువారు. దుష్టుఁడు ప్రవేశింపఁగానే లేచు నీలలలో ద్వేషము కంటెఁ బాతచుట్టమును బలుకరించు చనవు హెచ్చుగా నుండెడిది. కథ మాఱునుగాని మనుష్యులు మాఱరు. అందలి పరిహాసములలోఁ గొన్ని యార్క్ వీథు లెఱుఁగనివానికి నర్థమే కావు. ఎఱిఁగినవానికి నవి తప్ప వేఱు రుచింపవు. శిశువుగా వచ్చి బిస్కత్తు పట్టుకొన్నవాఁడు తండ్రియై తన శిశువును దెచ్చునంతకాలము ఒక్క నటుఁడు నిలిచియుండుట యే రంగమునఁ గాని యరుదు.

దీనికి వ్యతిరేకమగు పద్ధతి నానాటికిఁ బ్రబలుచున్నది. పెద్ద నిర్మాణసంస్థలు ఒక్క దృశ్యసామగ్రితో, ఒక్క పుస్తకముతోఁ బెక్కు పట్టణములకుఁ బాంటొమైములు సిద్ధపఱచును. పరిహాసములో నూరి పేరు కొఱకు ఖాళీ విడువఁబడియుండును. దూరదర్శనములో ముఖపరిచయముగల వ్యక్తి యొకఁడు పైని వ్రేలాడఁగట్టఁబడును. 2016 లో లండన్ పలాడియము 29 ఏండ్ల విరామముపిమ్మట సిండ్రెల్లాతోఁ బాంటొమైమును బునరుద్ధరించెను. దాని వైభవము చూడఁదగినదే. కాని వైభవము పాంటొమైము కాదు. దూరదర్శనపు ముఖమును సభ గుర్తుపట్టును; ఆ ముఖము సభను గుర్తుపట్టదు. ఈ వ్యవహారమున ధనము ప్రమేయమును బెద్దదే. ప్రాంతీయ నాటకశాలలలో ననేకమునకు ఆ యాఱేడు వారముల రాబడియే మిగిలిన యేఁడాది గంభీరనాటకములకు దన్ను. ఈడిపసును ఆడు సాహసము డేమ్ లంగాచాటుననే జరుగుచున్నదని చెప్పిన నతిశయోక్తి కాదు. అందుచేతనే నష్టభయముగల యధికారులు నిశ్చయమగు రాబడి నిచ్చు బయటిసంస్థలవంక మొగ్గుట. వారిని దూషించుట సులభము, వారి లెక్కలపుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండుట కష్టము.

యార్క్‌లోనే యీ సంఘర్షణము ప్రత్యక్షమైనది. 2020 లో థియేటర్ రాయల్ పాతబృందముతోడి సంబంధమును జాలించి వేఱొక నిర్మాణసంస్థతోఁ గూడెను. 2021 లోఁ గేలర్ తన సహచరులతో నదే యూరిలోని గ్రాండ్ ఒపెరా హౌసునఁ దిరిగి వేషము గట్టెను. ఊరివారికి రెండు పాంటొమైములు, కుటుంబములలో రెండు పక్షములు కలిగినవి. ఈ మధ్యకాలముననే మహమ్మారి వచ్చి నాటకశాలలు మూఁతపడినవి. 2020 డిసెంబరునఁ బెక్కు పట్టణములు పాంటొమైము లేకయే క్రిస్మసును గడపినవి. అప్పుడు ఈ థియేటర్ రాయలువారే చిన్న ప్రదర్శన మొకటి కల్పించి, యూరిలోని పేటపేటకుఁ దీసికొనిపోయి యాడిరి. మూఁడు కథలు సిద్ధముగా నుంచుకొని, ఏది యాడవలెనో ప్రేక్షకులచేతనే నిర్ణయింపఁజేసిరి. బయటిసంస్థతోఁ గూడినంతమాత్రమున స్థానికత్వము నశింపదనుటకు ఇది నిదర్శనము; అది యెవని పుస్తకమని గాక, ఎవరి యనుమతితోఁ గథ నడచునని చూడవలసియున్నది.

ప్రదర్శనము ముగియుటకు ముందు దృశ్యము మార్చుటకై తెర వేయుదురు. తెరముందు హాస్యగాఁడు పాటపలకను దింపి, శాలను రెండు భాగములుచేసి యేవైపువారు బిగ్గరగాఁ బాడుదురో చూతమని పందెము వేయును. కొందఱు పిల్లలను రంగముమీఁదికిఁ బిలిచి పేళ్లడుగును. వారు చెప్పు సమాధానములను ఏ రచయితయు వ్రాయలేఁడు. ఆ పూఁటకు మిక్కిలి పెద్దనవ్వు తఱచుగా నచటనే పుట్టును. తరువాతఁ దెర లేచును; వివాహము జరుగును; నటులు మెట్లు దిగివచ్చి నమస్కరింతురు; కథాంతమున నొక ద్విపాది చదువఁబడును. ఆ రెండు పాదములను అభ్యాసకాలమున నెవరును బలుకరు. పలికినచోఁ గీడు కలుగునని నటుల నమ్మకము. రంగమున నన్నియు సిద్ధమైనను, దుస్తులు కుట్టఁబడినను, ఆ ప్రాస మాత్రము అసంపూర్ణముగనే నిలిచియుండును. మొదటి ప్రదర్శనమునాఁడు, పిల్లలతో శాల నిండిన పిమ్మట, అది తొలిసారిగాఁ బలుకఁబడును.